మాలకొండ శనివారం: మేనల్లుడి పుట్టు వెంట్రుకల మొక్కు

మాలకొండ స్వామిని చూడాలంటే శనివారమే పోవాలి. వారంలో మిగతా ఆరు రోజులూ గుడి తలుపులు తియ్యరు. ఆ ఆరు రోజులూ దేవతలూ రుషులూ స్వామిని కొలుచుకునే రోజులనీ, మనుషులకి శనివారం ఒక్కటే ఇచ్చారనీ మా వైపు పుట్టిన ప్రతి బిడ్డకీ చిన్నప్పుడే చెబుతారు. అగస్త్య మహాముని ఈ కొండ మీద తపస్సు చేసి స్వామిని మెప్పించాడనీ, ఈ ఏర్పాటు అప్పటిదేననీ స్థలపురాణం. విష్ణుమూర్తి మెడలోని వనమాలే కొండై నిలిచింది కాబట్టి మాల్యాద్రి అయిందంటారు. గుడి బోర్డు మీద శ్రీ మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి అని ఉంటుంది గానీ, మా ఇళ్లల్లో అంత పేరు ఎవరూ పలకరు. మాలకొండ సామి అంటారు, అంతే.

కందుకూరు, కనిగిరి, పామూరు, కావలి చుట్టుపక్కల ఏ ఊరి బడిలోనైనా హాజరు పట్టీ తీసి చూడండి. మాల్యాద్రి, మాలకొండయ్య, మాలకొండారెడ్డి, మాలకొండరాయుడు, ఆడపిల్లయితే మాలకొండమ్మ. వీళ్లల్లో సగం మంది మొక్కు మీద పుట్టిన బిడ్డలే అయ్యుంటారు. ఈ కొండ 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు నెల్లూరు జిల్లాలో ఉండేది, తర్వాత ప్రకాశంలోకి వచ్చింది, 2022 ఏప్రిల్లో కందుకూరుతో పాటు మళ్లీ నెల్లూరుకి పోయింది, 2025 ఆఖర్లో తిరిగి ప్రకాశంలోకే వచ్చింది. జిల్లా ఏదైనా కొండకొచ్చే జనం మాత్రం వాళ్లే. ఒంగోలు వైపు నించి వస్తారు, ఉదయగిరి వైపు నించీ వస్తారు. హైదరాబాదు, బెంగళూరుల్లో స్థిరపడ్డవాళ్లు కూడా పిల్లల తల వెంట్రుకలు ఇయ్యడానికి ఇక్కడికే వస్తారు. నేనూ అట్టా వచ్చినవాణ్ణే, మా అక్క కొడుకు కోసం.

అక్కకి పెళ్లయిన చాన్నాళ్లకి నిలిచిన కానుపు. ఎనిమిదో నెల నిండకుండానే నొప్పులొచ్చాయి. బిడ్డ పుట్టీ పుట్టగానే అద్దాల పెట్టెలో పెట్టారు. లోపలికి ఎవర్నీ పోనివ్వరు, గాజు కిటికీలో నించి చూడ్డమే. ఛాతీ ఎగిరెగిరి పడుతుంటే ఆ పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నేను హైదరాబాదు నించి దిగేసరికి అమ్మ ఆసుపత్రిలో లేదు. ఇంటికి పోయి తలస్నానం చేసి, తడిచీరతోనే దేవుడి గూటి ముందు కూర్చుందంట. తెల్లగుడ్డకి పసుపు పూసి ఆరబెట్టి, అందులో పదకొండు రూపాయలు మూటగట్టి, స్వామి పటానికి తగిలించింది. "సామీ, ఈ బిడ్డ ఊపిరి నిలబెట్టు. నీ కొండకి నడిచొచ్చి తొలి వెంట్రుకలు నీకే ఇప్పిస్తా" అని మొక్కుకుంది. ముడుపు అంటే అదే. మొక్కు తీరేదాకా ఆ మూట విప్పకూడదు, చోటు మార్చకూడదు. ఆ డబ్బు ఎంత అవసరమొచ్చినా ముట్టుకోకూడదు.

డాక్టర్లు, నర్సులు రాత్రింబగళ్లు చూశారు, బిడ్డ నిలబడ్డాడు. అమ్మకి ఈ రెండిట్లో ఏది గొప్ప అనే ప్రశ్నే రాదు. ఆ వార్డులో పనిచేసిన ఒక నర్సమ్మకి చీర పెట్టి దణ్ణం పెట్టింది, గూట్లో ముడుపుకీ రోజూ దణ్ణం పెట్టింది. నాకూ అదే సబబనిపిస్తుంది.

మొక్కు తీర్చడం అనుకున్నంత సులువు కాదు. పుట్టు వెంట్రుకలు బేసి నెలలో తియ్యాలి. బిడ్డ నెల తక్కువ పుట్టుక కాబట్టి కాస్త బలం పుంజుకోవాలి. మూఢం ఉండకూడదు. వీటన్నిటికీ తోడు అది శనివారం కావాలి. మామూలుగా మా ఇంట్లో మంగళ, శుక్ర, శనివారాల్లో క్షవరం చేయించుకోరు. అదే అమ్మని అడిగితే, "సామి తలుపు తీసేదే ఆ రోజు. ఆయన పిలిచినప్పుడు వారం చూస్తారా?" అంది. ఊరి అయ్యవారు కూడా క్షేత్రంలో జరిపే శుభానికి వేరే ముహూర్తం అక్కర్లేదన్నారు, అయినా అక్క తృప్తి కోసం బిడ్డ నక్షత్రానికి తారాబలం చూసి మాఘమాసంలో ఒక శనివారం చెప్పారు.

మాఘమంటే మా బావకి ఊపిరాడని కాలం. వాళ్లది వలేటివారిపాలెం దగ్గర పల్లె, పొగాకు రైతులు. ఆకు కొట్టి, కర్రలకి అల్లి, ఆకు కాల్చే గదికి, అదే బ్యారన్‌కి ఎక్కించాక అయిదారు రోజులు రాత్రీ పగలూ మంట ఆరకూడదు. వేడి ఎక్కడ ఎంత ఉండాలో చూసుకుంటూ పెంచుకుంటూ పోవాలి. ఒక్క రాత్రి కన్నంటుకుంటే ఆకు రంగు చెడిపోతుంది, కందుకూరు వేలం కేంద్రంలో ఆ పొగాకు చెక్కుకి, అంటే మూటకి, ధర పడిపోతుంది. అందుకని బావ శుక్రవారానికి బ్యారన్ దించేటట్టు ముందు నించే లెక్క చూసుకుని ఎక్కించాడు. మొక్కు తారీఖు పంచాంగంతో పాటు పొయ్యి మంట చూసి కూడా ఖాయమైందన్నమాట. మా వైపు రైతుల ఇళ్లల్లో శుభకార్యాలు చాలావరకు ఇట్టాగే కుదురుతాయి.

మేనమామగా నా పనులేంటో అమ్మ ఫోనులో రాయించింది. బిడ్డకి కొత్త బట్టలు, వెండి మొలతాడు. అక్కకీ బావకీ బట్టలు. మంగలాయనకి ఇవ్వడానికి బియ్యం, పప్పు, కూరగాయలు, కొత్త తువ్వాలు, దక్షిణ. తొలి వెంట్రుకలు పట్టడానికి కొత్త పసుపు బట్ట. వీటన్నిటికంటే ముఖ్యం, మేనమామ ఒడి. పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్లోనే కూర్చోవాలి. తండ్రి ఉన్నా, తాత ఉన్నా, ఆ చోటు మేనమామదే. అందుకని ఆఫీసులో సెలవు దొరుకుతుందా లేదా అనే మాటే ఇంట్లో ఎత్తనివ్వలేదు. గురువారం రాత్రి రైలెక్కి సింగరాయకొండలో దిగి, కందుకూరు మీదుగా మధ్యాహ్నానికల్లా బావ వాళ్ల ఊరు చేరాను. దారి పొడుగునా బ్యారన్ల దగ్గర పుల్లల మోపులు, కాలుతున్న పచ్చాకు వాసన. హైదరాబాదులో ఎన్నాళ్లున్నా ఆ వాసన ముక్కుకి తగిలితే ఇంటికొచ్చినట్టే.

శుక్రవారం పొద్దున్నించి ఇంట్లో నీచు ముట్టలేదు. సాయంత్రం ఇల్లు కడిగారు. బావ వాళ్లమ్మ, మా అత్త, రాత్రి కూర్చుని పులిహోర కలిపింది, వడపప్పుకి పెసరపప్పు నానేసింది, పానకానికి బెల్లం కొట్టి, మిరియాలు, ఏలక్కాయలు దంచి పొట్లం కట్టింది. నరసింహస్వామి ఉగ్రమూర్తి కదా, పానకం ఆయనకి చల్లదనం అంటుంది. పొంగలికి కొత్త బియ్యం, కొత్త గిన్నె. అమ్మ గూట్లో నించి ముడుపు తీసి కళ్లకద్దుకుని చీర కొంగున ముడేసుకుంది. తెల్లారేదాకా ఆ ముడి మీద నించి చెయ్యి తియ్యలేదు.

తెల్లారగట్ట ట్రాక్టరులో బయల్దేరాం. ట్రక్కులో ఒరిగడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసి, ముసలోళ్లనీ పిలకాయల్నీ మధ్యలో కూర్చోబెట్టారు. ఊళ్లో ఇంకో రెండు ఇళ్లవాళ్లు కూడా వాళ్ల వాళ్ల మొక్కులతో ఎక్కారు. శనివారాల్లో కందుకూరు నించి, పామూరు నించి ఆర్టీసీ బస్సులు కొండకి తిరుగుతాయి, కార్లకీ ఆటోలకీ లెక్కే లేదు. ఆ చీకట్లో రోడ్డు మీద ఎటు చూసినా ఒకే దిక్కుకి పోతున్న లైట్లు. వారమంతా ఖాళీగా ఉండే రోడ్డు అది.

ఘాట్ రోడ్డు పడ్డాక కొండ మీదికి బండ్లు పోతున్నాయి. గర్భిణులు, పెద్దవాళ్లు, కాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ దారిన పోవడమే మంచిది. కానీ అమ్మ మొక్కు నడిచొస్తానని కదా. మిగతావాళ్లని ట్రాక్టరులో పంపి, అమ్మా, అక్కా, నేనూ బిడ్డనెత్తుకుని మెట్ల దారి పట్టాం. ఓపిక ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఒక్కసారైనా మెట్లెక్కండి. బండిలో పోతే కొండ కనబడదు, గుడి కనబడుతుంది. నడిస్తే ఏనుగుల్లాంటి నల్లబండలు ఒకదాని మీద ఒకటి ఎట్టా నిలబడ్డాయో, వాటి సందుల్లో చెట్లు ఎట్టా వేళ్లు దించుకున్నాయో కనబడుతుంది. రాతి మీద నించి వచ్చే చల్లగాలి మొహానికి తగులుతుంది. అగస్త్యుడు తపస్సుకి ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నాడో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

అమ్మ ప్రతి మెట్టుకీ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ ఎక్కింది. నడుం వంచి లేవడం చూసి అక్క, "అమ్మా, నేను పెడతాలే, నువ్వు ఊరికే నడువు" అంది. అమ్మ వినలేదు. "బిడ్డ పెట్టెలో ఉన్నప్పుడు నేను మొక్కుకున్నా. నా నడుముతోనే తీరాలి" అంది. ఆ మాటకి అక్క మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ దాని కంట్లో నీళ్లు నేను చూళ్లేదు. అక్కడ బిగబట్టుకున్నదంతా ఆ మెట్ల మీద బయటికొచ్చింది. బిడ్డ నా భుజం మీద నించి వాళ్లమ్మని వింతగా చూస్తున్నాడు. మా వెనక వస్తున్న ఎవరో పెద్దామె ఆగి, అక్క తల మీద చెయ్యేసి, "పైకి పోదాం పదమ్మా, సామి చూస్తన్నాడు" అని తన దారిన తను ఎక్కిపోయింది.

పైకి చేరేసరికి తూర్పు తెల్లబడింది. కల్యాణకట్ట దగ్గర అప్పటికే వరస. తలనీలాల టికెట్టు తీసుకుని, పసిబిడ్డ అని చెబితే ముందుకి పిలిచారు. నేను స్నానం చేసి, పంచె కట్టుకుని, పీట మీద కూర్చుని బిడ్డని ఒళ్లో పెట్టుకున్నా. ముందు నేను కత్తెరతో మూడు చోట్ల మూడు పాయలు తియ్యాలి. నా చెయ్యి వణికింది. అంత మెత్తటి జుట్టు, పుట్టినప్పుడు ఎంత ఉందో అంతకి మూడింతలు పెరిగింది. తీసిన పాయలు అక్క పసుపు బట్టలో పట్టుకుంది. తర్వాత మంగలాయన అందుకున్నాడు. తల తడిపి, వేళ్లతో నిమిరి, బిడ్డతో ఏదో మాట్లాడుతూ, పాట పాడినట్టు కూనిరాగం తీస్తూ, కత్తి పెట్టాడని తెలియకుండానే సగం తల పూర్తి చేశాడు. ఏడుపు మొదలయ్యేసరికి మిగతా సగమూ అయిపోయింది. చిన్న గాటు కూడా పడలేదు. కొన్ని శనివారాల్లో వందల తలలు చేసే చెయ్యి అది. ఆ పనితనానికి మనం ఇచ్చే బియ్యం, దక్షిణ ఏ మూలకీ రావు. కొంతమంది అక్కడ కూడా బేరమాడుతుంటే బాధేసింది. బిడ్డ తల ఆయన చేతిలో పెట్టి, రూపాయి దగ్గర వెనకాడడం ఏం బాగుంటుంది?

బిడ్డకి గోరువెచ్చటి నీళ్లు పోసి, గుండుకి గంధం పూసి, కొత్త బట్టలేసి, మొలతాడు కట్టాం. ఫ్లాస్కులో వేణ్ణీళ్లు ఇంటి దగ్గర్నించే తేవడం అత్త తెలివి. కొండ మీద మాఘమాసపు పొద్దున చన్నీళ్లు పసిబిడ్డకి పనికిరావు. గంధం పూసిన గుండుతో వాణ్ణి చూసి అత్త, "ఇప్పుడు అచ్చం మాలకొండయ్యవేరా" అని బుగ్గలు పుణికింది. వాడికి ఇంట్లో పిలిచే పేరు వేరే ఉన్నా, బారసాలనాడు బియ్యంలో రాసిన రెండో పేరు అదే.

దర్శనానికి రెండు వరసలుంటాయి. బిడ్డతో ఉన్నాం కాబట్టి టికెట్టు వరసలో పోదామని బావ అన్నాడు. అత్త ధర్మదర్శనమే అంది. చివరికి బిడ్డా అక్కా టికెట్టు వరసలో, మిగతావాళ్లం మామూలు వరసలో పోయాం. పసిబిడ్డలు, ముసలివాళ్లు ఉంటే టికెట్టు తీసుకోవడంలో తప్పేమీ లేదు. భక్తి తక్కువైపోదు. పది గంటలు దాటాక ఎండ, తోపులాట పెరుగుతాయి, బిడ్డలు నీరసపడిపోతారు.

వరసలో నా ముందు ఒక రైతు, ఆయన చేతిలో వేరుశనగ కాయల మూట, కొత్త పంట. స్వామికి చూపించి తీసుకుపోతాడంట. వెనక కొత్త పెళ్లిజంట, పసుపు బట్టల్లోనే వచ్చారు. ఇంకొకాయన ఆటో కొన్నాడు, దాని తాళం చెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వారానికి ఒక్కరోజు కాబట్టి అందరి కోరికలూ, అందరి కృతజ్ఞతలూ ఆ ఒక్క వరసలోకే వచ్చి చేరతాయి. రోజూ తెరిచే గుళ్లలో ఈ ఆత్రం నాకు ఎక్కడా కనబడలేదు. మా వైపు నరసింహస్వామి గుళ్లు తక్కువేం కాదు. రాపూరు దగ్గర వెలిగొండల్లో పెంచలకోన, నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డున నరసింహకొండ, అద్దంకి దగ్గర కింద ఆంజనేయస్వామీ పైన నరసింహస్వామీ ఉండే సింగరకొండ. అన్నీ చూశాను, అన్నీ ఇష్టమే. కానీ అక్కడ రేపైనా రావొచ్చులే అనే నిదానం ఉంటుంది. మాలకొండలో రేపు లేదు. ఈ శనివారం తప్పితే వచ్చే శనివారమే. అందుకే వరసలో ఎవరూ కాలక్షేపం కబుర్లు ఎక్కువ చెప్పుకోరు. దగ్గరపడే కొద్దీ ఒక్కొక్కరూ మౌనమైపోతారు, పెదాలు మాత్రం కదులుతుంటాయి.

గర్భగుడిలో నిలబడ్డది ఎంతసేపని చెప్పను? దీపాల వెలుగులో స్వామి కళ్లు, మెడలో తులసిమాల, పక్కన అర్చకుడి చేతిలో హారతి. ముందుగా చేరిన అక్క బిడ్డని హారతి కనబడేటట్టు పైకెత్తి నిలబడి ఉంది. అయ్యవారు బిడ్డ గోత్రం, పేరు అడిగి, శఠగోపం ఆ చిన్న గుండు మీద తాకించీ తాకించనట్టు పెట్టారు. వాడు ఏడవలేదు. హారతి వంకే చూస్తూ రెండు చేతులూ దాని కేసి చాచాడు. అమ్మ చీర కొంగు ముడి విప్పి ముడుపు తీసి హుండీలో వేసింది. వేశాక ఆ ఖాళీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అప్పు తీరింది సామీ" అంది, అంతకంటే ఏమీ అడగలేదు. కొత్త కోరిక ఒక్కటి కూడా అడగలేదు. వరసలో వస్తూ నేను మనసులో పెట్టుకున్న నా ఉద్యోగం కోరిక ఆ మాట విన్నాక నోట్లోనే ఆగిపోయింది.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుని తిరిగిపోతారు. ఇది నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. మాలకొండలో అమ్మవారు స్వామి పక్కన ఉండదు, ఇంకా పైన, బండల మధ్య ఉంటుంది. మహాలక్ష్మి స్వామి మీద అలిగి కొండెక్కిందనీ, అడ్డంగా ఉన్న పెద్ద బండ రెండుగా చీలి ఆమెకి దారిచ్చిందనీ పెద్దలు చెబుతారు. ఆ చీలికలో నించే మనమూ పోవాలి. రెండు వైపులా నిలువెత్తు రాయి, మధ్యలో మనిషి పట్టేంత సందు. కొన్నిచోట్ల పక్కకి తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని జరగాలి. ఎంత లావు మనిషైనా అమ్మవారి మీద మనసు పెడితే ఆ సందులో పడతారని నమ్మకం.

మా బావ భారీ మనిషి. ఆయన సందు మొదట్లో ఆగి, "మీరు పోయి రండి, నేనీడ్నే ఉంటా" అన్నాడు. అత్త ఒప్పుకుంటుందా? "నీ కొడుకు అద్దాల పెట్టెలో నించి బయటికి రాలా? నువ్వు ఈ రాతి సందులో నించి రాలేవా?" అంది. ఇంక ఆయన మాట్లాడలేదు. చొక్కా విప్పి భుజాన వేసుకుని, రాతికి వీపు ఆనించి, ఒక్కో అడుగే జరుపుకుంటూ వచ్చాడు. ముందు పోతున్నవాళ్లు వెనక్కి తిరిగి "నిదానం అన్నా, కుడిపక్కకి వంగు" అని చెబుతూ ఉన్నారు. వెనకవాళ్లు తొయ్యలేదు, తొందరపెట్టలేదు. ఆయన అవతలికి వచ్చాక ఎవరో గోవింద కొట్టారు, సందంతా గోవిందా అని మోగింది. రాయి మధ్యన ఆ మోత ఛాతీలో తగులుతుంది. బిడ్డని నేను నా ముందు, రెండు చేతుల మధ్యన పెట్టుకుని దాటించాను. రాతికి తల తగలకుండా అరచెయ్యి అడ్డం పెడితే, ఆ రాయి ఎంత నునుపుగా ఉందో తెలిసింది. ఎన్ని తరాల భుజాలు రాసుకుంటే అంత నునుపు తేలిందో.

అమ్మవారి దగ్గర అక్క పసుపు, కుంకుమ, గాజులు, రవిక గుడ్డ ఇచ్చి, బిడ్డని ఆమె ముందు పడుకోబెట్టింది. పిలవగానే పలికే తల్లి ఆమేననీ, స్వామికి కోపమొస్తే ఆమె దగ్గరికే పోయి చెప్పుకోవాలనీ అమ్మ అంటుంది. ఆ ఎత్తు నించి చూస్తే కింద చేలు, చెరువులు, అక్కడక్కడా బ్యారన్ల పొగ, దూరంగా ఎండ వెలుతురులో కరిగిపోయే మెట్ట నేల. ఆ పొగలు లేచే వైపే మా బావ వాళ్ల ఊరై ఉంటుందని బిడ్డకి చూపించాం.

కిందికొచ్చి మూడు రాళ్లు పెట్టి పొంగలి పొంగించాం. పాలు తూర్పు వైపు పొంగాయని అత్త సంతోషపడింది. పానకం, వడపప్పు ఆ చుట్టుపక్కల కూర్చున్న వాళ్లందరికీ పంచింది. ఎవరని అడగలేదు, ఏ ఊరని అడగలేదు. భోజనానికి సత్రానికి పోయాం. శనివారం నాడు ఇక్కడి సత్రాల్లో వచ్చినవాళ్లకి అన్నం పెడతారు. నేలమీద బంతులు, విస్తళ్లు, అన్నం, పప్పు, గోంగూర, సాంబారు, మజ్జిగ. వడ్డించేవాళ్లు జీతానికొచ్చినవాళ్లు కాదు. మొక్కుకుని వచ్చి ఒక పూట వడ్డించి పోయేవాళ్లే ఎక్కువమంది. బావ కూడా తిన్నాక నడుముకి తువ్వాలు కట్టుకుని రెండు బంతులు మజ్జిగ పోశాడు.

ఒక్క విషయం మాత్రం చెప్పక తప్పదు. మెట్ల పక్కన, బండల సందుల్లో ప్లాస్టిక్ గ్లాసులు, కవర్లు, పాత బట్టలు. ఆరు రోజులు దేవతలు తిరిగే చోటని మనమే చెప్పుకుంటాం. శనివారం సాయంత్రం వాళ్లకి మనం అప్పజెప్పి పోతున్నది ఇదా? కొబ్బరి చిప్పలూ ఆకులూ మట్టిలో కలుస్తాయి, కవర్లు కలవవు. మేము తెచ్చిన ప్రతి కవరూ, నీళ్ల సీసా ఒక గోతంలో వేసుకుని ట్రాక్టరులో వెనక్కి తెచ్చాం. అమ్మ మొదట దేవుడి దగ్గర నించి చెత్త ఇంటికి తేవడమేంటని సందేహించింది. "అమ్మవారి వాకిలి ఊడ్చినట్టే కదమ్మా" అని అక్క అనేసరికి తనే వంగి పక్కనోళ్లవి కూడా ఏరింది.

చిన్నబిడ్డలతో పోయేవాళ్లకి నేను చూసింది చెబుతాను. శుక్రవారం రాత్రికే దగ్గరి ఊళ్లో ఉంటే తెల్లారేలోపు కొండ మీద ఉండొచ్చు, అప్పుడు చల్లగా ఉంటుంది, వరస తక్కువ. వేణ్ణీళ్లు, బిడ్డకి మెత్తటి టోపీ, గంధం ఇంటి నించే తెచ్చుకోండి. తినేవి చేతిలో పట్టుకుని నడవొద్దు, కోతులు లాక్కుంటాయి. అమ్మవారి సందులోకి పోయేటప్పుడు భుజాన సంచులు లేకుండా పోండి, బిడ్డ చేతులకి గాజులు, కాళ్లకి కడియాలు తీసేయండి, రాతికి పట్టుకుంటాయి. భయపడే పిల్లల్ని బలవంతాన దాటించొద్దు, ముందు పెద్దవాళ్లొకరు పోయి అవతల నించి పిలిస్తే వాళ్లే వస్తారు.

పొద్దు వాలేసరికి ఇల్లు చేరాం. బావ స్నానం చేసి నేరుగా బ్యారన్ దగ్గరికి పోయాడు, ఆదివారం మళ్లీ ఎక్కించాలి. అక్క బిడ్డని పక్కలో వేసుకుని పడుకుంది. నేను రైలుకి సంచి సర్దుకుంటుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "వాడికి చెవులు కుట్టించాలిరా. అది కూడా మేనమామ ఒళ్లోనే. పెంచలకోన సామికి మొక్కుకున్నా, అక్క నెల తప్పినప్పుడే. ఆడ శనివారం తిప్పలుండదు, నీకు సెలవు ఎప్పుడుంటే అప్పుడే" అంది. గూట్లోకి చూశాను. మాలకొండ స్వామి పటానికి ముడుపు లేదు గానీ, పక్కనే ఉన్న పెంచలకోన స్వామి పటానికి ఇంకో చిన్న పసుపు మూట తగిలించి ఉంది.